పరాయి వాసన

ఆ ఏడు చెరకు కోత మొదలైన తొలి సోమవారమే లచ్మన్ కంబళి మీద మా దొర ఉచ్చ పోశాడు.

దొరంటే తెల్లదొర కాదు, మా పిల్లి. నల్లటి ఒళ్లు, తెల్లటి మూతి, తెల్లటి పాదాలు. తోట మీద పెత్తనం చేసే తెల్లవాణ్ని అక్కడ కులంబర్ అనేవారు. బూట్లు వేసుకుని చెరకు వరసల మధ్య ఆయన ఎలా తిరిగేవాడో, మా మంచాల మధ్య వీడూ అలాగే తిరిగేవాడు. అందుకే ఆ పేరు. పనిచేయడని మాత్రం అనకూడదు. పిల్లి లేని గదుల్లో ఎలుకలు రేషన్ బియ్యం గోతాలకు బొక్కలు పెట్టేవి. మా గోతం జోలికి ఒక్క ఎలుకా వచ్చేది కాదు.

మా కూలీ లైను ఫిజీలో తవువా వైపు ఉండేది. రేకుల కప్పు కింద వరసగా గదులు, గదికీ గదికీ మధ్య చెక్క గోడ. ఆ గోడ కప్పుదాకా పోదు. ఒక గదిలో దగ్గితే పక్క గదిలో నిద్ర చెడేది. పెళ్లాం ఉన్నవాడికి ఒక గది, లేనివాళ్లకు ముగ్గురికి కలిపి ఒకటి. మాది లేనివాళ్ల గది. నేనూ లచ్మనూ ఒకే ఓడలో వచ్చాం. అలా వచ్చినవాళ్లను జహాజీలంటారు, తోడబుట్టినవాళ్లతో సమానం. నాది చిత్తూరు వైపు, వాడిది విశాఖపట్నం వైపు. వాడి అసలు పేరు లక్ష్మన్న. కూలీలను ఓడెక్కించే డిపోలో ఎవరో లచ్మన్ అని రాసేస్తే అదే ఖాయమైంది. దేశంలో ఉంటే ఒకడి యాసకు ఒకడు నవ్వుకుని ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లమే. ఆ లైనులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి ఒకరికొకరం దేశమంత అయ్యాం.

మూడో మంచం శివ ప్రసాద్‌ది. ఫైజాబాదు వైపు మనిషి, మాకంటే పెద్దవాడు, మాకంటే తరవాత వచ్చినవాడు. అతనికీ మాకూ మధ్య ఉప్పు, నిప్పు, నీళ్లు, ఇంతే మాటలు. పనికి సరిపడా హిందీ నాకు వచ్చు. మనసులో మాట చెప్పుకునే హిందీ నేర్చుకోలేదు. లచ్మన్ ఉండగా నాకు దాంతో పనేమిటి?

ఆ సీజన్ ఆఖరుకు మా ఇద్దరి గిర్మిట్ తీరుతుంది. ఐదేళ్ల కట్టుబాటు విడిపోయాక ఇద్దరం కలిసి ఒక ముక్క భూమి కౌలుకు తీసుకోవాలని, ఒకే గుడిసె వేసుకోవాలని అనుకున్నాం. అనుకున్నది నేను, ఊఁ కొట్టింది వాడు. ఆ తేడా నేను అప్పట్లో పట్టించుకోలేదు.

ఆ సోమవారం తెల్లవారుతుండగా లచ్మన్ కంబళి పట్టుకుని లేచి కూర్చున్నాడు.

“ఇదేటిరా మునసామీ, తడిసిపోనాది! కప్పు కారిందేటి?”

“వాన పడి ఎన్నాళ్లయింది? కారింది కప్పు కాదు, మన దొర” అన్నాను వాసన చూసి.

“గదిలో ఇంత సోటుంటే ఈడికి నా కంబళే దొరికిందేటి?”

“నీ మింద ఏందో కోపంగా ఉండాడు. ఎప్పుడన్నా తన్నినావా?”

“సీ! ఆడ్ని తన్నితే నా కాలిరిగిపోదా?”

శివ ప్రసాద్ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. దొర గోతం మీద కూర్చుని పాదాలు నాక్కుంటున్నాడు, తనకేమీ తెలియనట్టు.

నాకు ముక్కుమీదే కోపం, కానీ ఆచారం దగ్గర మాత్రం నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. మైల పడిన చోట పంచితం చల్లాలని మా అమ్మ నేర్పింది. మా చేత పని చేయించే సర్దారు ఆవుల దగ్గరికి పోయి, డబ్బా పట్టుకుని నిలబడి, ఆవు పోసేదాకా ఆగి తెచ్చాను. కంబళి మీద, మంచం మీద, నేల మీద, నాలుగు మూలలా శుభ్రంగా చల్లాను. ఆ సాయంత్రం మేం కోత నుంచి వచ్చేసరికి దొర మంచం కోడు మీద కూడా పోసి ఉన్నాడు.

మళ్లీ పంచితం తెచ్చాను. ఈసారి గోడ తడిసింది. ఇంకా ఎక్కువ తెచ్చాను. నేను చల్లేకొద్దీ వాడు పోశాడు, వాడు పోసేకొద్దీ నేను చల్లాను. లైనులో ఆడవాళ్లు మా గది ముందు నుంచి పోవడం మానేసి చుట్టూ తిరిగి నీళ్లకు వెళ్లేవారు. ఒకరోజు శివ ప్రసాద్ బియ్యం గోతం తడిసింది. అతను గోతం వైపు చూశాడు, పిల్లి వైపు చూశాడు, నా చేతిలో డబ్బా వైపు చాలాసేపు చూశాడు. తడిసిన బియ్యం చేటలో పోసుకుని బయట కూర్చున్నాడు.

గోడ పైనుంచి వాసన పక్క గదులకు పోయింది, అక్కణ్నుంచి సర్దారు చెవిన పడింది. వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“ఏ మద్రాజీ! బిల్లీ కే నికారో. నై తో హమ్ నికారేగా.”

మీరు తీసేస్తారా, నేను తీసెయ్యనా అని. తీసెయ్యడమంటే ఏమిటో తెలుసు. ఆయన దగ్గర వేట కుక్క ఉండేది. లైనులో ఇంకెవరూ పిల్లిని చంపరు. పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారంతో పిల్లిని చేయించి దానమివ్వాలి. మా లైను మొత్తం అమ్మినా బంగారు పిల్లికి మీసం కూడా రాదు. కుక్కకు ఆ బాధ లేదు. నెల తిరిగేసరికి వాసన పోవాలని గడువు పెట్టి సర్దారు వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నేను దొర మీద కాపలా వేశాను, తిట్టడం మాని చూడడం మొదలుపెట్టాను. వారమంతా పెద్ద గొడవ ఉండేది కాదు. పాత తడి మీదే మళ్లీ కాస్త పోసేవాడు. అసలు ఉపద్రవం ఆదివారం సాయంత్రమే.

ఆదివారాలు పని ఉండదు. వానలు తగ్గినప్పటినుంచి లచ్మన్ ఆదివారం పొద్దున్నే కాలుకాలిన పిల్లిలా గదిలో తిరిగి, చేపలకని ఏటికి పోయేవాడు. సాయంత్రానికి చేపలు లేకుండా నవ్వుకుంటూ వచ్చేవాడు. “ఈయేళ పడనేదురా” అనేవాడు. ఇంత చేతకాని జాలరి ఎక్కడా లేడని నేను వెక్కిరించేవాణ్ని.

ఆ ఆదివారం వాడు రాగానే దొర తోక నిలబెట్టుకుని ఎదురెళ్లాడు. కాళ్లకు రాసుకోబోయి ఠక్కున ఆగాడు. పంచె అంచుకు ముక్కు ఆనించి, నోరు సగం తెరిచి, పైపెదవి ఎత్తి, చేదు మందు మింగినట్టు అలాగే నిలబడ్డాడు. లచ్మన్ ఆ పంచె విప్పి మంచం మీద పడేసి నీళ్లు పోసుకోవడానికి పోయాడు. దొర మంచమెక్కాడు. కంబళికి వీపు తిప్పాడు. తోక నిటారుగా లేచి చివర సన్నగా వణికింది.

కోపం కాదది. కోపమొచ్చిన పిల్లి చెవులు వెనక్కి వాలుస్తుంది. వీడి చెవులు నిలబడే ఉన్నాయి, కళ్లు మాత్రం గుమ్మం వైపు బెదురుగా చూస్తున్నాయి. ఎవరో తన పొలంలోకి వస్తున్నారని గట్టు వేసుకునే రైతుకు ఉండే ఆత్రం అది. నేను లేచి పంచె అందుకున్నాను. అంచు నిండా సన్నటి వెంట్రుకలు, ఎర్రటివి. మా దొర ఒంటి మీద నలుపూ తెలుపూ తప్ప వేరే రంగు లేదు. మనుషుల్లో ఆ రంగు కులంబర్ మీసానికే ఉంది, లచ్మన్ కులంబర్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకోడు కదా.

ఇంకో పిల్లి. పిల్లి ఉందంటే పొయ్యి ఉంది, పాలో చేపో పడేసే మనిషి ఉంది. నేను పంచితం చల్లి శుద్ధి చేశాననుకున్న చోటల్లా దొరకు ఇంకెవరో వచ్చి ఉచ్చ పోసిపోయినట్టే ఉండిందని కూడా అప్పుడే అర్థమైంది. పాపం, ఒకవైపు ఎర్రపిల్లి, ఇంకోవైపు సర్దారు ఆవు, వాడొక్కడే ఎంతమందితో పడగలడు?

మర్నాడు చెరకు నరుకుతూ అడిగాను. మా ఇద్దరివీ పక్కపక్క వరసలు.

“పిల్లి ఎర్రదా?”

“ఏటి?”

“ఆ ఇంట్లో పిల్లి. ఎర్రదా అని అడుగుతాండా.”

లచ్మన్ కత్తి ఆగిపోయింది. “ఎవులు సెప్పారు నీకు?”

“మన దొర చెప్పినాడు. నెల నుంచి చెప్తానే ఉండాడు, నాకే చెవికెక్కలా.”

వాడు నవ్వబోయాడు, నా మొహం చూసి మానేశాడు. చెరకు ఆకుతో కత్తి తుడుస్తూ చెప్పాడు. “పేరు బసంతి. ఏటి అవతల ఉంటాది. పెనిమిటి పోనాడు. గిర్మిట్ తీరిపోనాది, సిన్న కౌలు ముక్క ఉంది. మంచి మనిసిరా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“సెప్తే నువ్వు మాటాడ్డం మానేస్తావు. నీ సంగతి నాకు తెల్దేటి?”

“మనం కలిసి భూమి తీసుకుందామనుకున్న మాటో?”

“ఆ మాట అడుగుతావనే నోరు రానేదురా” అన్నాడు.

సర్దారు అటునుంచి కేకేశాడు. మేం మళ్లీ వంగి నరకడం మొదలుపెట్టాం. వాడన్నట్టే నేను మాట్లాడడం మానేశాను. వారమంతా గదిలో తెలుగు వినిపించింది దొరతోనే. వాడూ దొరతోనే మాట్లాడేవాడు, నేనూ దొరతోనే. ఒకరికి చెప్పదలచుకున్నవి కూడా పిల్లికే చెప్పేవాళ్లం. “నీ అన్న కోపం ఎప్పుడు తగ్గుతాదో కనుక్కో” అని వాడు, “నీ తమ్ముడికి నోరుంది గదా, మనుసులకే చెప్పుకోమను” అని నేను. శివ ప్రసాద్ రొట్టె ఒత్తుకుంటూ మా ఇద్దరినీ పిల్లినీ మార్చి మార్చి చూసేవాడు.

గడువు దగ్గరపడింది. పిల్లి దక్కాలంటే లచ్మన్ ఆ ఇంటికి పోవడం మానాలి. నేను ఆ ఒక్కమాట అంటే వాడు మానేసేవాడేమో కూడా. పిల్లి ప్రాణం వంక పెట్టుకుని వాణ్ని నా దగ్గర ఆపుకోవచ్చు. శనివారమంతా ఆ మాట నాలుక చివర పెట్టుకునే తిరిగాను. సాయంత్రం వాడు ఆదివారానికి పంచె ఉతుక్కుంటుంటే పక్కన నిలబడ్డాను.

“పాత పంచె ఒకటి ఆ ఇంట్లోనే పెట్టుకో. ఆడికి పొయినాక అది కట్టుకో. వచ్చేటప్పుడు ఏట్లో బాగా మునిగి, తల రుద్దుకొని, నీ పంచె కట్టుకొని రా.”

వాడు పంచె పిండడం ఆపాడు. “అంటే, ఎల్లమంటావా?”

“నేను పిల్లి సంగతి చెప్తాండా” అన్నాను.

ఆ మర్నాడు వాడటు వెళ్లగానే నేను పనిలో దిగాను. పంచితం డబ్బా పారేశాను. బియ్యం కడిగిన నీళ్లు ముందే కుండలో పులియబెట్టి ఉంచాను, వాటితో మంచం కోళ్లు, గోడ, నేల తోమి తోమి కడిగాను. పై నుంచి నిమ్మకాయలు పిండాను. కంబళి ఎండలో పడేశాను. పిల్లి తాను తినే చోట పోయదని తెలుసు గనక, వాడు అలవాటుగా తడిపే మూలలోనే వాడి చిప్ప పెట్టాను. దగ్గర్లోని కాయ్‌వీతీ ఊరి ఆడవాళ్లు చేపలు తెచ్చి అమ్మేవారు, ఫిజీ వాళ్లను అలాగే పిలిచేవాళ్లం. లచ్మన్ ఏటి నుంచి తడి జుట్టుతో రాగానే ఒక చేప వాడి చేతికిచ్చి, మంచం మీద కూర్చుని నీ చేత్తో పెట్టమన్నాను. దొర వాడి పంచె వాసన చూశాడు, చెయ్యి వాసన చూశాడు. తల వంచి వాడి ముంజేతికి గట్టిగా రాసుకుని చేప తిన్నాడు.

నెల తిరిగాక సర్దారు కుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో ముక్కెగరేసి చూశాడు. వాసన లేదు. కుక్క దొరను చూసి మొరిగింది, దొర కప్పు వాసం మీదికి పోయి కూర్చుని కిందికి చూశాడు. ఇద్దరూ వచ్చిన దారినే పోయారు.

ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో నాకు ఆ సీజన్‌లోనే తెలిసింది. పొద్దున లచ్మన్ పోయేవాడు. నేను బట్టలుతికి, గది ఊడ్చి, చేసిన పని మళ్లీ చేసి, దొర ఎదురుగా కూర్చునేవాణ్ని. మా ఊరి పొలాల పేర్లు, మా మేకల పేర్లు వాడికి చెప్పేవాణ్ని. వాడు కాసేపు విని కళ్లు మూసుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది. గోడలు కప్పుదాకా లేని ఇంట్లో మగవాడు ఏడిస్తే లైనంతా తెలుస్తుందని చెంబు తీసుకుని బయటికి పోయేవాణ్ని.

కోత సగం దాటాక లచ్మన్ ఒక మాట తెచ్చాడు.

“నువ్వూ వచ్చీయరా. బసంతే అంది. పెరట్లో నీకు ఏరే పాక ఏసీసుకుందారని.”

నేను చుట్టూ చూశాను. దొర కనిపించాడు. “ఈణ్ని ఏం చేస్తావు? రెండు పోతుపిల్లులు ఒక కొంపలో ఇముడుతాయా? చంపుకుంటాయి.”

“పిల్లుల కోసవా రానంటన్నావు?”

“పిల్లుల కోసమే.”

ఆ తరవాతి ఆదివారం సాయంత్రం వాడు ఒక చీరపేలిక తెచ్చి నా ముందు పెట్టాడు. దాని నిండా ఎర్ర వెంట్రుకలు. “ఎర్రోడు పడుకునే గుడ్డ. వాసనే గొడవని నువ్వే గదా కనిపెట్టినావు. మెల్లిగా అలవాటు సేద్దారి. ఈడు పడుకున్నదేటైనా ఉంటే ఇయ్యి, ఆడికి పట్టుకెల్తాను.”

దొర పేలికను చూసి బుస్సుమన్నాడు. వీపు పైకెత్తి, ఒళ్లంతా ఉబ్బించి, దాని మీద పోయనే పోశాడు. నాకు లోపల సంతోషం వేసింది. అయినా ఏ పనీ తప్పుగా చేయడం నాకు చేతకాదు. పేలిక ఉతకకుండా ఎండబెట్టి మొదట గుమ్మం బయట పెట్టాను. వాడు దూరంగా తిరిగిపోయేవాడు. కొన్నాళ్లకు గుమ్మంలోకి జరిపాను. పక్కన చేప ముక్క వేశాను. వాడు మెడ చాచి ముక్క లాక్కుని పారిపోయేవాడు. తరవాత ముక్క పేలిక అంచు మీద వేశాను, ఆ తరవాత మధ్యలో వేశాను. వాడు భయపడిన రోజు ఒక మెట్టు వెనక్కి తీసుకునేవాణ్ని, తొందరపెట్టలేదు. లచ్మన్ వారంవారం కొత్త వాసన పట్టిన పేలిక తెచ్చేవాడు.

ఒక ఆదివారం నన్నూ తీసుకుపోయాడు. ఏటి అవతల శుభ్రంగా అలికిన వాకిలి, గుమ్మడి తీగ, మట్టి గోడల ఇల్లు. బసంతి నడివయసు మనిషి, గలగలా నవ్వే మనిషి. నన్ను చూడగానే పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చింది.

“ఆవో భయ్యా, బైఠో. లచ్మన్ హమేసా తుమ్హారే బాత్ కరే” అంది. ఎప్పుడూ నీ గురించే చెబుతాడని.

“అచ్ఛా” అన్నాను.

అన్నం పెట్టింది, అక్కడ దాలో అనే చేమ ఆకుల కూర వేసింది. ఏదో అడిగింది, లచ్మన్ తెలుగులో చెప్పాడు, నేను జవాబిచ్చాను, వాడు హిందీలో చెప్పాడు. కాసేపు అలా సాగింది. తరవాత ఆమె ఏదో హాస్యమాడింది. లచ్మన్ పగలబడి నవ్వాడు, ఇంకోటి తగిలించాడు, ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నాకు చెప్పడం మరిచిపోయాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకే అసహ్యమేసింది. ఎర్రపిల్లి వచ్చి నా పంచె అంతా వాసన చూసి, దొర వాసన అప్పటికే తెలిసినట్టుంది, నా ఒళ్లో ఎక్కి ముడుచుకుంది. వాళ్లు తప్పేమీ చేయలేదు. ఆ ఇంట్లో నన్ను అందరూ ప్రేమగానే చూశారు. ఐదేళ్లలో నేనంత ఒంటరిగా ఎప్పుడూ లేను, ఓడలో కూడా.

తిరిగొచ్చేటప్పుడు ఏట్లో ఇద్దరం మునిగాం. “ఎలాగుంది?” అని అడిగాడు. “కూరలో ఉప్పు తక్కువైంది” అన్నాను.

కోత చివరి వారాల్లో ఒకరోజు పనినుంచి వచ్చేసరికి దొర ఆ పేలిక మీద బోర్లా పడుకుని, మూతి దాంట్లో దూర్చి నిద్రపోతున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లచ్మన్ నా భుజం మీంచి తొంగిచూసి ఎగిరి గంతేశాడు.

“సూసినావా! దొర ఒప్పీసుకున్నాడు!”

నేను కూడా బాగుందన్నాను.

కోత అయిపోయి చక్కెర మిల్లు ఆగింది. మా గిర్మిట్ తీరింది. లచ్మన్ పొద్దున్నే కంబళి చుట్టి, గిన్నెలు మూటకట్టి, నా మూట కోసం చూశాడు. నేను ముందురోజు సాయంత్రమే సర్దారుతో మాట్లాడుకుని వచ్చాను. గిర్మిట్ లేని ఖుల్లా మనిషిగా ఇంకో ఏడాది ఇక్కడే పనిచేస్తాను, ఇదే మంచం. ఆ సంగతి వాడికి అప్పుడు చెప్పాను.

“ఇంకేటి అడ్డంరా?” అన్నాడు వాడు. “పిల్లులన్నావు. పిల్లులు కలిసిపోనాయి గదా!”

“పిల్లులు కలిసినాయిరా” అన్నాను. “నేను పిల్లినా, పేలిక వేసి అలవాటు చేసేదానికి?”

వాడు మంచం మీద కూలబడ్డాడు. వాణ్ని అంత దుఃఖంలో నేను మద్రాసు డిపోలో తప్ప చూడలేదు. నాకు వాడి మీద కోపం లేదు, అప్పటికి అంతా అయిపోయింది. మూడో మనిషిగా ఒక ఇంట్లో మాట అర్థమయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఇంత వివరంగా ఆ రోజు చెప్పలేకపోయాను. దొరను ఎత్తుకొచ్చి వాడి చేతుల్లో పెట్టాను.

“తీసుకొనిపో. నేను పొద్దంతా తోటలో ఉంటా, ఈడు ఒక్కడే ఉండాల. ఆ ఇంట్లో అయితే తోడుంటాది.”

“నీకో?”

“కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి వదలొద్దు” అన్నాను. “ఈ పేలిక మంచం కింద వెయ్యి. ఎర్రోణ్ని మొదట తలుపు అవతల్నుంచి చూపించు, ఒకేసారి కలపొద్దు. ఇద్దరికీ వేరేవేరే చిప్పలు పెట్టు. ఎవుడన్నా పోస్తే పులిసిన నీళ్లతో కడుగు. పంచితం మాత్రం చల్లొద్దురా నాయనా.”

వాడు ఏడుస్తూనే నవ్వాడు. దొరను గోనెసంచిలో పెట్టాం. పిల్లిని వేరే చోటికి తీసుకుపోయేటప్పుడు దారి తెలియకుండా కళ్లు కప్పాలంటారు. నేను మూతి వదులుగా కట్టి తల బయటికి ఉంచాను. తిరిగి రావాలనుకుంటే రానీ అనుకున్నాను. ఏటిదాకా వాళ్లతో నడిచాను. అవతలి ఒడ్డున బసంతి నిలబడి చెయ్యూపుతోంది. లచ్మన్ నీళ్లలో దిగి, సంచి తల మీద పెట్టుకుని, వెనక్కి చూస్తూ చూస్తూ దాటాడు. దొర అరుస్తూనే ఉన్నాడు.

గదికి వచ్చి లచ్మన్ మంచం మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం వండలేదు. కప్పు వాసాల మీద ఒక ఎలుక అప్పుడే తిరుగుతోంది. బయట ఆడవాళ్లు హిందీలో దెబ్బలాడుకుంటున్నారు, పిల్లలు హిందీలో ఏడుస్తున్నారు. ఇక ఈ లైనులో నా మాట విని తిరిగి తిట్టేవాడు కూడా లేడనిపించింది. తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాను.

పొద్దు వాలే వేళకు శివ ప్రసాద్ వచ్చాడు. ఖాళీ మంచం చూశాడు, ఖాళీ చిప్ప చూశాడు. పొయ్యి ముట్టించి, పిండి కలిపి, రొట్టెలు కాల్చాడు. మాకు ఎవరి వంట వాళ్లది. ఆ రోజు మాత్రం తట్టలో ఒక రొట్టె, పక్కన పచ్చిమిరపకాయ పెట్టి నా ముందుకు తోశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

అతను నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మాటలు వెతుక్కుంటూ, మెల్లగా, ఒక్కొక్క ముక్కా విరిచి పెట్టినట్టు అన్నాడు.

“రా. తిను. అలగొద్దు.”

తెలుగు. రోజూ తిండి పెట్టేటప్పుడు మేం దొరతో అనే మాటలు. ఇన్నేళ్లూ ఆ మూడో మంచం మీద పడుకుని అతను వింటూనే ఉన్నాడు. ఒక మనిషిని అన్నానికి పిలవడానికి అతని దగ్గరున్న తెలుగంతా తీసి నా ముందు పెట్టాడు. నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, నవ్వో ఏడుపో తెలియదు. లైనంతా విని ఉంటుంది, విననీ అనుకున్నాను. తట్ట దగ్గరికి లాక్కుని రొట్టె తుంచాను.

రొట్టె ఒక పక్క మాడింది. ఆ మాట చెబుదామంటే దానికి హిందీలో ఏమంటారో నాకు తెలియదు. నల్లబడ్డ చోట వేలు పెట్టి అతనికి చూపించాను.

“భాయ్, ఇస్కో క్యా బోల్తా?”

“జర్ గయా” అన్నాడు.

“జర్ గయా” అన్నాను.

అతను తల ఊపి, తన తట్టలో రొట్టె తిరగేసి చూపించాడు. అది నాదానికన్నా ఎక్కువ మాడి ఉంది.